మోతాదు చరిత్ర: గంజాయి సారం నుండి సి.బి.డి. దాకా (1838-2023)

వ్యాససంగ్రహం

గంజాయి మొక్కలోని మత్తు కలిగించని రసాయనమైన కానబిడయాల్ (సి.బి.డి.) నేడు ఔషధంగానూ, ఆహార పూరకంగానూ అమ్ముడవుతోంది. దాని సురక్షితమైన మోతాదు ఎంత, దుష్ప్రభావాలు ఏమిటి అన్న ప్రశ్నలను ఈ వ్యాసం చారిత్రక దృష్టితో పరిశీలిస్తుంది. 1838లో కలకత్తాలో జరిగిన ప్రయోగాల నుండి 2018లో అమెరికాలో లభించిన ఔషధ ఆమోదం దాకా ఈ మొక్క వైద్యచరిత్రలో ప్రధాన సమస్య కొలత. మందు శక్తి, రోగి దేహస్థితి, వెంట వాడే ఇతర ఔషధాలు అనే మూడింటిని కలిపి చూసినప్పుడే మోతాదు నిర్ణయమైందని, ఆహార పూరకాల విపణిలో ఈ మూడూ మళ్ళీ విడిపోయాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మోతాదు, గంజాయి, విజయ, సి.బి.డి., ఓషానెసీ, మూర్ఛవ్యాధి, వైద్యచరిత్ర.

1. ఉపోద్ఘాతం

2018 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం వ్యవసాయ చట్టం ద్వారా, మత్తు పదార్థమైన టి.హెచ్.సి. 0.3 శాతం మించని గంజాయి రకాలను నిషేధిత పదార్థాల జాబితా నుండి తొలగించింది. ఆ తరువాత సి.బి.డి. నూనెలు, గుళికలు, మిఠాయిలు అక్కడి దుకాణాలలో విస్తరించాయి. నిద్రలేమికి, కీళ్ళనొప్పులకు, ఆందోళనకు ఇది పనిచేస్తుందన్న ప్రచారం అక్కడి తెలుగు కుటుంబాలకూ చేరింది. ఇటువంటి సీసా చేతికి వచ్చిన వారికి కలిగే మొదటి సందేహం ఒక్కటే: ఎన్ని చుక్కలు వేసుకోవాలి?

ఈ సందేహం కొత్తది కాదు. గంజాయిని ఔషధంగా వాడిన ప్రతి కాలంలోనూ వైద్యులు దీనిని ఎదుర్కొన్నారు. గంజాయి చరిత్రను సాధారణంగా నిషేధాల చరిత్రగానో, మత్తు చరిత్రగానో రాస్తారు. ఈ వ్యాసం దానిని కొలత చరిత్రగా చదువుతుంది. అలా చదివినప్పుడు నేటి సీసా మీది అంకెను ఎంతవరకు నమ్మవచ్చో స్పష్టమవుతుంది.

2. మోతాదు: ఆయుర్వేద భావన

శార్ఙ్గధర సంహిత మానపరిభాషతో, అంటే తూనికలు కొలతల వివరణతో ఆరంభమవుతుంది. ఇన్ని కొలతలు చెప్పిన గ్రంథకర్తే మాత్రకు స్థిరమైన నియమం లేదని కూడా అంటాడు. కాలం, జఠరాగ్ని, వయస్సు, బలం, ప్రకృతి, దోషం, దేశం చూసి మాత్రను కల్పించాలన్నది ఆయన నిర్దేశం. పైకి ఈ రెండూ పరస్పర విరుద్ధంగా కనిపించినా, వాటి మధ్య వైరుధ్యం లేదు. తూనిక ద్రవ్యానికి సంబంధించినది. మాత్ర ఆ ద్రవ్యానికీ దానిని సేవించే దేహానికీ ఉన్న సంబంధం.

ఇదే సంహిత భంగును 'వ్యవాయి' ద్రవ్యాలకు ఉదాహరణగా పేర్కొంటుంది. జీర్ణం కావడానికి ముందే దేహమంతటా వ్యాపించి, ఆ తరువాత పాకం చెందేది వ్యవాయి. నల్లమందు కూడా ఈ కోవలోనిదే. అందువల్ల భంగును నేరుగా కాక శోధన చేసిన తరువాతనే వాడాలన్న నియమం ఏర్పడింది. పాలలో ఉడికించడం, నేతిలో వేయించడం వంటి పద్ధతులు వైద్య సంప్రదాయంలో ఉన్నాయి. ఈ మొక్కలోని క్రియాశీల పదార్థాలు కొవ్వులో కరిగేవని ఆధునిక రసాయనశాస్త్రం నిరూపించింది. ప్రాచీనులకు ఈ రసాయనశాస్త్రం తెలుసునని దీని అర్థం కాదు. అనుపానాన్ని బట్టి మందు ప్రభావం మారుతుందన్న గమనింపు మాత్రం వారికి ఉంది.

3. కలకత్తా ప్రయోగాలు

ఐర్లండుకు చెందిన విలియం బ్రూక్ ఓషానెసీ 1833లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా భారతదేశానికి వచ్చాడు. కలకత్తా వైద్య కళాశాలలో రసాయనశాస్త్ర ఆచార్యుడిగా పనిచేస్తూ, స్థానిక వైద్యుల నుండి, పండితుల నుండి గంజాయి వాడకం గురించి తెలుసుకున్నాడు. ముందుగా జంతువులపై, తరువాత రోగులపై పరీక్షలు జరిపి, 1839లో తన పరిశీలనలను ప్రకటించాడు. పాశ్చాత్య వైద్యంలో గంజాయి ప్రవేశానికి ఈ పత్రమే ప్రధాన ద్వారం.

ఈ పత్రంలోని ఒక సంఘటన మన చర్చకు కీలకమైనది. 1838 నవంబరు 6న కీళ్ళవాతంతో బాధపడుతున్న ముగ్గురు రోగులకు తలా ఒక గ్రెయిను గంజాయి జిగురును ద్రావణంగా ఇచ్చారు. గ్రెయిను అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. మధ్యాహ్నం రెండు గంటలకు మందు ఇవ్వగా, నాలుగు గంటలకు ఒక రోగి అతిగా మాట్లాడుతూ, పాటలు పాడుతూ, అదనంగా అన్నం పెట్టమని అడుగుతున్నాడు. రాత్రికి అతని చేతులను ఏ భంగిమలో ఉంచితే ఆ భంగిమలోనే నిలిచిపోయే స్తంభన స్థితి ఏర్పడింది. అదే మందు, అదే కొలత తీసుకున్న మరొక రోగిలో ఏ మార్పూ కనిపించలేదు. విచారిస్తే అతడు గంజాయి పీల్చే అలవాటు ఉన్నవాడని తేలింది.

తూనిక ఒక్కటే అయినా ఫలితాలు వేరయ్యాయి. మోతాదు ద్రవ్యంలో లేదని, ద్రవ్యానికీ దేహానికీ మధ్య ఉందని ప్రయోగపూర్వకంగా తెలిపిన తొలి ఆధునిక దృష్టాంతాలలో ఇది ఒకటి. ఓషానెసీ తరువాత ధనుర్వాతం, కలరా, జలభీతి రోగులకు ఈ మందును వాడాడు. నలభై రోజుల పసికందుకు వచ్చిన మూర్ఛలకు టింక్చరును చుక్కలతో మొదలుపెట్టి క్రమంగా పెంచుతూ ఇచ్చాడు. బిడ్డ కోలుకుందని ఆయన నమోదు చేశాడు. కొద్దిగా మొదలుపెట్టి, గమనిస్తూ పెంచడం అన్న ఈ పద్ధతి తరువాతి వైద్యులకు మార్గమైంది.

4. ప్రమాణ గ్రంథాలలో ప్రవేశం, నిష్క్రమణ

ఓషానెసీ ఇంగ్లండుకు తీసుకువెళ్ళిన గంజాయితో లండను ఔషధ విక్రేత పీటర్ స్క్వైర్ సారాన్ని తయారుచేశాడు. అమెరికా ఫార్మకోపియాలో 1850ల ఆరంభంలోనూ, 1864 నాటి తొలి బ్రిటిష్ ఫార్మకోపియాలోనూ గంజాయి చోటు సంపాదించింది. కాని ప్రమాణ గ్రంథంలో పేరు ఉన్నంత మాత్రాన ప్రమాణం ఏర్పడలేదు. పంట పండిన ప్రాంతం, కోసిన కాలం, ఓడ ప్రయాణం, నిల్వ ఉంచిన వ్యవధి ఇవన్నీ సారం శక్తిని మార్చివేసేవి. ఒక సీసాలోని చుక్కలు పనిచేయకపోగా, మరో సీసాలోని అన్నే చుక్కలు రోగిని గంటల తరబడి భ్రాంతిలో ముంచేవి.

విక్టోరియా మహారాణి ఆస్థాన వైద్యుడైన జె. రసెల్ రెనాల్డ్స్ తన ముప్పయ్యేళ్ళ అనుభవాన్ని 1890లో లాన్సెట్ పత్రికలో వివరించాడు. ఆయన వ్యాసం శీర్షికలోనే చికిత్సా ప్రయోజనాలూ విషప్రభావాలూ రెండూ ఉన్నాయి. సారం శక్తి నిలకడగా లేకపోవడాన్ని, మనిషికీ మనిషికీ ఉండే తేడాను ఆయన ఎత్తిచూపాడు. అతి తక్కువ మోతాదుతో ప్రారంభించి నెమ్మదిగా పెంచాలని సలహా ఇచ్చాడు.

శక్తిని కొలిచే రసాయన పద్ధతి లేకపోవడంతో అమెరికాలో కుక్కలను ఆశ్రయించారు. మందు ఇచ్చిన కుక్క నడక ఎంత తడబడితే సారం అంత బలమైనదని లెక్క. 1916 నాటి అమెరికా ఫార్మకోపియా ఈ జీవపరీక్షను అధికారికంగా స్వీకరించింది. ఈ పరీక్షకు ఒక మౌలిక పరిమితి ఉంది. తడబాటు కలిగించేది టి.హెచ్.సి. కనుక ఇది కొలిచింది మత్తును మాత్రమే. మత్తు కలిగించని సి.బి.డి. ఆ సారంలో ఎంత ఉన్నా ఈ పరీక్షకు కనిపించదు.

ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళకల్లా ఆస్పిరిన్, బార్బిట్యురేట్లు, సూదిమందుగా ఇచ్చే మార్ఫిన్ వంటి స్థిరమైన ఔషధాలు అందుబాటులో ఉన్నాయి. నీటిలో కరగని గంజాయి సారం వాటితో పోటీపడలేకపోయింది. 1925 నాటి జెనీవా ఒప్పందం, 1937 నాటి అమెరికా పన్ను చట్టం దాని వాడకాన్ని మరింత కుదించాయి. బ్రిటిష్ ఫార్మకోపియా నుండి 1932లో, అమెరికా ఫార్మకోపియా నుండి 1942లో అది తొలగిపోయింది. నిషేధమే ఈ మందును వైద్యం నుండి వెళ్ళగొట్టిందన్న వాదం పాక్షిక సత్యం. కొలత కుదరకపోవడం వల్ల వైద్యుల విశ్వాసం అప్పటికే సన్నగిల్లింది.

5. సుంకపు తూనిక, 'మితం' అన్న మాట

ఈ కాలంలోనే భారతదేశంలో మరొక రకమైన కొలత సాగింది. ఆబ్కారీ శాఖ గంజాయిని తులాలలో, సేర్లలో తూచి సుంకం వేసేది. మద్రాసు రాజధానిలో తెలుగు ప్రాంతమైన నాటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకా గంజాయి సాగుకు పేరొందింది. పొలం నుండి గిడ్డంగికి, గిడ్డంగి నుండి లైసెన్సు దుకాణానికి చేరే సరుకుకు లెక్క ఉండేది. అది ఖజానా కోసం వేసిన లెక్కే గాని, సేవించేవాడి ఆరోగ్యం కోసం వేసినది కాదు.

1893లో బ్రిటిష్ ప్రభుత్వం డబ్ల్యు. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన భారత గంజాయి కమిషన్‌ను నియమించింది. ఏడుగురు సభ్యులలో ముగ్గురు భారతీయులు. కమిషన్ 1,193 మంది సాక్షుల అభిప్రాయాలు సేకరించి 1894లో నివేదిక సమర్పించింది. మితమైన వాడకం చెప్పుకోదగిన హాని చేయదని, అమితమైన వాడకం హానికరమని దాని నిర్ణయం. ఈ నివేదికను నేటి గంజాయి సమర్థకులు తరచుగా ఉదాహరిస్తారు. కాని మితానికి, అమితానికి మధ్య అందరికీ వర్తించే తూనిక గీతను కమిషన్ గీయలేదు. వ్యక్తిని బట్టి, అలవాటును బట్టి మితం మారుతుందన్న అవగాహన దానికి ఉంది. పైగా కమిషన్ పరిశీలించింది భంగు, గంజాయి, చరస్సులను. ఆ తీర్పును నేటి గాఢీకరించిన సి.బి.డి. నూనెకు అన్వయించడం చారిత్రకంగా సరికాదు.

6. మొక్క నుండి అణువుకు

కేంబ్రిడ్జిలో వుడ్, స్పైవీ, ఈస్టర్‌ఫీల్డ్ 1896లో చరస్ నుండి కానబినాల్‌ను వేరుచేశారు. 1940లో అమెరికాలో రోజర్ ఆడమ్స్ బృందం మిన్నెసోటాలో పెరిగిన అడవి గంజాయి నుండి సి.బి.డి.ని వేరుచేసింది. దాని కచ్చితమైన నిర్మాణాన్ని 1963లో ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషూలం, షోవో నిర్ణయించారు. మరుసటి ఏడు గావోనీతో కలిసి మెషూలం టి.హెచ్.సి.ని శుద్ధరూపంలో వేరుచేసి దాని నిర్మాణాన్ని ప్రకటించాడు. ఈ పరిశోధనకు కావలసిన హషీష్‌ను పోలీసులు పట్టుకున్న సరుకు నుండే ఆయన పొందాడు.

ఈ ఘట్టంతో శతాబ్దం పైబడిన చిక్కుముడి ఒకటి విడింది. మత్తు ఒక అణువుది. మరొక అణువుకు మత్తు లేదు. ఇక తూనికను మిల్లీగ్రాములలో చెప్పవచ్చు. అయితే తూనిక దొరకడంతోనే మోతాదు దొరకలేదు. దానికి మరో యాభై ఏళ్ళు పట్టింది.

7. మోతాదు స్థిరపడిన తీరు

1980లో బ్రెజిల్ పరిశోధకులు మెషూలంతో కలిసి ఒక చిన్న పరీక్ష ఫలితాలు ప్రకటించారు. మందులకు లొంగని మూర్ఛవ్యాధి గల 15 మందిలో ఎనిమిది మందికి రోజుకు 200 నుండి 300 మి.గ్రా. సి.బి.డి., మిగిలిన వారికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. సి.బి.డి. తీసుకున్న వారిలో నలుగురికి మూర్ఛలు దాదాపు ఆగిపోయాయి, ముగ్గురికి కొంత తగ్గాయి. ఫలితం ఆశాజనకమైనా ఇంత చిన్న పరీక్షతో వైద్యలోకం ముందుకు కదలలేదు.

2017లో డ్రావే సిండ్రోమ్ అనే తీవ్ర మూర్ఛవ్యాధి గల 120 మంది పిల్లలు, యువకులపై జరిగిన పరీక్ష న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడింది. కిలో బరువుకు రోజుకు 20 మి.గ్రా. చొప్పున సి.బి.డి. తీసుకున్న వారిలో నెలకు వచ్చే మూర్ఛల మధ్యగత సంఖ్య 12.4 నుండి 5.9కి తగ్గింది. ఉత్తుత్తి మందు తీసుకున్న వారిలో అది 14.9 నుండి 14.1కి మాత్రమే తగ్గింది. 2018 జూన్ 25న అమెరికా ఆహార, ఔషధ సంస్థ 'ఎపిడియోలెక్స్' పేరుతో శుద్ధ సి.బి.డి.ని ఔషధంగా ఆమోదించింది.

ఈ ఆమోదపత్రంలో మోతాదు రాసిన విధానం గమనించదగినది. డ్రావే, లెనాక్స్-గాస్టో అనే రెండు మూర్ఛవ్యాధులకు కిలో బరువుకు 2.5 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు మొదలుపెట్టాలి. వారం తరువాత దానిని 5 మి.గ్రా.కు పెంచవచ్చు. అవసరమైతే, రోగి తట్టుకోగలిగితే, 10 మి.గ్రా. వరకు రోజుకు రెండుసార్లు ఇవ్వవచ్చు. అంటే 20 కిలోల బిడ్డకు రోజుకు 100 మి.గ్రా.తో మొదలై గరిష్ఠంగా 400 మి.గ్రా. వరకు. కాలేయం దెబ్బతిన్న వారికి తగ్గించి ఇవ్వాలి. మందు ఆపవలసి వస్తే క్రమంగా తగ్గించాలి. కొద్దిగా మొదలుపెట్టి గమనిస్తూ పెంచాలన్న ఓషానెసీ, రెనాల్డ్స్ పద్ధతే ఇక్కడ అంకెల రూపం దాల్చింది.

దుష్ప్రభావాలు కూడా ఇదే క్రమంలో లెక్కకు వచ్చాయి. నిద్రమత్తు, ఆకలి మందగించడం, విరేచనాలు, అలసట, దద్దుర్లు ప్రధానంగా కనిపించాయి. అన్నింటికన్నా జాగ్రత్త అవసరమైనది కాలేయం విషయంలో. పరీక్షలలో సి.బి.డి. తీసుకున్న వారిలో 13 శాతం మందికి కాలేయ ఎంజైము సాధారణ గరిష్ఠ స్థాయికి మూడు రెట్లు మించింది. ఉత్తుత్తి మందు తీసుకున్న వారిలో ఇది 1 శాతమే. వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛమందు కూడా వాడుతున్న వారిలో ఈ ప్రమాదం అధికం. అందుకే చికిత్సకు ముందు, ఆ తరువాత ఒకటి, మూడు, ఆరు నెలలకు కాలేయ పరీక్షలు చేయాలని నిర్దేశించారు.

ఇతర మందులతో సి.బి.డి. పొందే సంబంధం మరొక అంశం. మందులను విచ్ఛిన్నం చేసే కాలేయ ఎంజైములను అది అడ్డుకుంటుంది. క్లోబజామ్ వాడేవారిలో ఆ మందు క్రియాశీల ఉత్పన్నం రక్తంలో సుమారు మూడింతలై నిద్రమత్తు పెరుగుతుంది. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ ప్రభావం పెరిగిన ఉదంతం కూడా వైద్య పత్రికలలో నమోదైంది. ఆహారం సంగతి కూడా ఇటువంటిదే. పరగడుపున కాక, కొవ్వు అధికంగా ఉన్న భోజనంతో తీసుకుంటే దేహానికి అందే సి.బి.డి. మొత్తం సుమారు నాలుగు రెట్లు అవుతుంది. సీసా మీది అంకె మారదు, దేహంలోని అంకె మారుతుంది. అనుపానం మాత్రలో భాగమన్న ఆయుర్వేద భావనకు ఇంతకన్నా స్పష్టమైన ఆధునిక వ్యాఖ్య అరుదు.

8. సీసా మీది అంకె

ఔషధంగా సి.బి.డి. ఇంత కట్టుదిట్టమైన కొలతను సాధించిన కాలంలోనే, ఆహార పూరకంగా అది కొలత లేని స్థితికి మళ్ళింది. 2017లో అమెరికా వైద్య సంఘం పత్రిక (జామా) ప్రచురించిన ఒక అధ్యయనంలో 31 సంస్థలు అంతర్జాలంలో అమ్మిన 84 ఉత్పత్తులను పరీక్షించారు. లేబులు మీద చెప్పిన పరిమాణానికి పది శాతం తేడాలోపు ఉన్నవి 26 మాత్రమే. 36 ఉత్పత్తులలో చెప్పినదానికంటే ఎక్కువ, 22 ఉత్పత్తులలో తక్కువ సి.బి.డి. ఉంది. 18 ఉత్పత్తులలో టి.హెచ్.సి. కనిపించింది. మత్తు లేదన్న నమ్మకంతో పిల్లలకు ఇచ్చే తల్లిదండ్రులకు, మాదకద్రవ్య పరీక్షలు జరిగే ఉద్యోగాలలో ఉన్నవారికి ఈ చివరి విషయం చాలా ముఖ్యమైనది.

ప్రభుత్వ సంస్థలు ఇచ్చిన పరిమితులూ మారుతూ వచ్చాయి. బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ 2020లో ఆరోగ్యవంతులైన పెద్దలు రోజుకు 70 మి.గ్రా. మించరాదని సూచించింది. 2023 అక్టోబరులో దానిని 10 మి.గ్రా.కు తగ్గించింది. ఇది ఐదు శాతం నూనెలో నాలుగైదు చుక్కలకు సమానం. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఇతర మందులు వాడేవారు అసలు తీసుకోరాదన్నది ఆ సంస్థ సలహా. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2022లో, అందుబాటులో ఉన్న ఆధారాలతో సి.బి.డి. ఆహారంగా సురక్షితమని నిర్ధారించలేమని ప్రకటించింది.

ఇక్కడ ఒక సందేహం సహజం. మూర్ఛరోగికి కిలోకు 20 మి.గ్రా. వరకు ఇవ్వవచ్చునంటే, 60 కిలోల వ్యక్తికి అది రోజుకు 1,200 మి.గ్రా. అవుతుంది. మరి ఆరోగ్యవంతుడికి 10 మి.గ్రా.యే హద్దు ఎందుకు? రెండు అంకెలు రెండు వేర్వేరు ప్రశ్నలకు సమాధానాలు. మొదటిది ప్రాణాంతకమైన వ్యాధి గల రోగి, వైద్యుని పర్యవేక్షణలో, కాలేయ పరీక్షల నడుమ, లాభనష్టాలను బేరీజు వేసుకుని స్వీకరించేది. రెండవది ఏ పర్యవేక్షణా లేకుండా, జీవితకాలం ప్రతిరోజూ తీసుకున్నా హాని కలగకూడదన్న లెక్కతో వేసినది. మొదటి అంకెను చూపి రెండవ సందర్భానికి ధైర్యం చెప్పడం ప్రచారంలో తరచుగా కనిపించే పొరపాటు.

మత్తు లేదు, అలవాటు పడే గుణం లేదు కనుక హాని లేదన్నది మరొక పొరపాటు. సి.బి.డి.కి దుర్వినియోగ లక్షణాలు లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం 2018లో పేర్కొన్న మాట నిజం. ఆ మాట వ్యసనం గురించినది. కాలేయం గురించి, ఇతర మందులతో కలయిక గురించి అది భరోసా ఇవ్వదు. తడబడే కుక్కను కొలబద్దగా తీసుకున్న కాలం నాటి దృష్టే ఇక్కడ తలకిందులుగా పునరావృతమవుతోంది. నాడు మత్తే శక్తికి గుర్తు. నేడు మత్తు లేకపోవడమే భద్రతకు గుర్తుగా చలామణి అవుతోంది.

9. భారతీయ సందర్భం

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయి నిర్వచనంలో జిగురును, పూతను చేర్చింది. పూత లేకుండా విడిగా ఉన్న ఆకును, గింజలను అందులో చేర్చలేదు. ఈ వెసులుబాటు ఆధారంగా ఆకు నుండి తీసిన ఉత్పత్తులు 'విజయ' అన్న సంప్రదాయ నామంతో ఆయుర్వేద ఔషధాలుగా విపణిలోకి వచ్చాయి. అయితే 1945 నాటి ఔషధ నియమావళిలోని ఇ-1 షెడ్యూలు భంగును విషద్రవ్యాల జాబితాలో చేర్చింది. ఆ జాబితాలోని ద్రవ్యాలు గల మందులను వైద్య పర్యవేక్షణలోనే తీసుకోవాలన్న హెచ్చరిక లేబులు మీద ఉండాలి. సంప్రదాయ ఔషధమన్న పేరు ఈ హెచ్చరికను రద్దు చేయదు. సంప్రదాయమే మాత్రను వైద్యుడి వివేచనకు అప్పగించింది.

విజయ ఆకు చూర్ణం, అందులోంచి తీసిన గాఢమైన సారం, శుద్ధమైన సి.బి.డి. ఈ మూడూ వేర్వేరు. చూర్ణానికి గ్రంథాలలో చెప్పిన మాత్ర సారానికి వర్తించదు. శుద్ధ ఔషధంపై జరిగిన పరీక్షల ఫలితాలు చూర్ణానికి ఆధారం కావు. తెలుగులో వెలువడే ఆరోగ్య రచనలు ఈ మూడింటినీ 'గంజాయి మందు' అన్న ఒకే మాట కింద చేర్చకుండా ఉండటం అవసరం.

10. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. గంజాయి ఔషధంగా పందొమ్మిదో శతాబ్దంలో ఎదిగి ఇరవయ్యో శతాబ్దంలో క్షీణించడానికి కొలత కుదరకపోవడం ఒక ముఖ్య కారణం. అణువును వేరుచేయడం తూనికను ఇచ్చింది గాని మోతాదును ఇవ్వలేదు. రోగి బరువు, కాలేయ స్థితి, ఆహారం, వెంట వాడే మందులు లెక్కలోకి వచ్చిన తరువాతనే 2018లో మోతాదు స్థిరపడింది. ఆహార పూరకంగా అమ్ముడయ్యే సి.బి.డి.లో తూనికే అనేక సందర్భాలలో నమ్మదగినది కాదు. దేహస్థితిని విచారించే వైద్యుడు ఆ అమ్మకంలో ఉండడు.

1838 నవంబరులో కలకత్తాలో తలా ఒక గ్రెయిను తీసుకున్న ముగ్గురు రోగుల పక్కన కనీసం ఒక వైద్యుడు ఉన్నాడు. ఏ మార్పూ రాని రోగిని అతడు ఎందుకని అడిగాడు, సమాధానం దొరికింది. నేడు సీసా కొన్న వ్యక్తిని ఇంకా ఏ మందులు వాడుతున్నారని అడిగేవారు లేరు. మూర్ఛమందులు, రక్తం పలుచబరిచే మందులు వాడేవారు, కాలేయ వ్యాధి ఉన్నవారు, గర్భిణులు ఈ ప్రశ్నను తామే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. ఎన్ని చుక్కలు అన్న ప్రశ్నకు సీసా సమాధానం చెప్పలేదన్నదే ఈ చరిత్ర నుండి గ్రహించవలసిన విషయం.